ఆరువందల చెయ్యి

నా చేతులకు ఆరువందల లెక్కే తెలుసు.
లింగరాజపురం బేకరీలో ముప్పై ఒక్క ఏళ్లు
గుడ్ ఫ్రైడే ముందు రాత్రంతా
మైదాను మూటల్లో కొలిచాను,
ఈస్టును పిడికిళ్లతో,
ఉప్పును ఖాదర్ భాయ్ కళ్లతో.
ఆయన తలూపితే చాలు.

బేకరీ ఉన్నచోట ఇప్పుడు కళ్లద్దాల షాపు.
పొయ్యి ఇటుకల్ని వేడిగా ఉండగానే ఆటోలో వేసుకుపోయారని
అందరికీ చెబుతుంటాను.
నిజానికి అవి ఆరి అప్పటికే రెండు నెలలు.

మొన్న చర్చి గేటు దగ్గర
మిసెస్ రోజారియో చొక్కా పట్టుకుని ఆపింది.
"ఈసారి బన్నులు ఎక్కడ కొనాలి, రత్నం?
షాపువన్నీ రాళ్లు. నాకేమో పళ్లు లేవు."
నోరు తెరిచి చూపించింది. నిజమే, లేవు.
"మెత్తగా ఉండాలి. పన్నెండు చాలు."

పన్నెండు!
ఆరువందల్ని యాభైతో భాగించి
మనవరాలు ఫోన్‌లో చూపించింది.
అంకెలైతే వచ్చాయి గాని
అంత కొంచెం యాలకుల పొడిని ఏ వేళ్లతో తీయాలో
అది చెప్పలేదు.

అల్లుడు కొనిచ్చిన కరెంటు ఓవెన్‌లోంచి
చెంగమ్మ ఉల్లిపాయలు బయటికి తీసింది.
నేను గుప్పెడు మైదాను పాలల్లో కలిపి
సన్నసెగ మీద గరిటె తిప్పాను,
సినిమా పోస్టర్లు అంటించే జిగురులా ముద్దకట్టేదాకా.
చల్లారాక అది పిండిలో పడితే
రెండో రోజుకీ బన్ను ఎండదు.
ఎవరికీ చెప్పొద్దన్నాడు భాయ్.
చెంగమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది.

పిండి మొదట వేళ్లను పట్టుకుని వదల్లేదు,
బడికి పోనన్న పిల్లలాగా.
మడిచి, సాగదీసి, మళ్లీ మడిచి,
పావుగంటకు
చెవితమ్మె మెత్తదనం వచ్చింది.
ఎండుద్రాక్ష, నారింజ తొక్క, దాల్చినచెక్క.
తడిగుడ్డ కప్పి బియ్యం డబ్బా పక్కన పెట్టాను.

పిండి పొంగే గంటలో అక్కడైతే బీడీ కాల్చేవాడిని.
బీడీ మానేసిన మనిషి ఏం చేస్తాడు?
గుడ్డ ఎత్తి చూశాను, ఎత్తి చూశాను.
"దాన్ని కాసేపు నిద్రపోనీ" అంది చెంగమ్మ.

నందిని పాల ప్యాకెట్టు మూల కత్తిరించి
మైదా జారు నింపాను.
బేకరీలో ఒక్కో బన్నుకు ఒక్కో గీత గీయం.
ట్రే ఈ చివర్నుంచి ఆ చివరికి
చెయ్యి ఆగకుండా ఒకటే పోత.
అలాగే మొదలుపెట్టాను.
నాలుగో బన్నుకే ట్రే అయిపోయింది.
చెయ్యి ఆగలేదు.
గాల్లో ఇంకో పది బన్నుల దూరం పోయింది,
జారు గట్టు మీద తెల్లగా సాగుతూ.

అక్కడ కాసేపు నిలబడ్డాను.
చెంగమ్మ బట్ట తెచ్చి గట్టు తుడిచింది.
మన ఇంట్లో ఈ శిలువలేంటి అంటుందనుకున్నాను.
"ఒకటి వంకర పోయింది, అది మనకుంచు" అంది.

వాసన మెట్లు దిగింది.
కింద బైకులు బాగుచేసే కుర్రాడు
పానా పట్టుకునే రెండుసార్లు పైకి చూశాడు.
అరటాకు చీలికతో వేడి బన్నుల మీద
పాకం పూస్తుంటే
వాటి నెత్తిన మా ట్యూబులైటు మెరిసింది.

శుక్రవారం చర్చి గంట మోగదు.
మూడు దాటాక వాళ్లింటికి వెళ్లాను.
మిసెస్ రోజారియో మూత తీసి లెక్కపెట్టింది.
పదకొండు.
నా ముఖం చూసింది, ఏమీ అనలేదు.
ఒకటి తుంచి
కళ్లు మూసుకుని చిగుళ్లతో నమిలింది,
చాలాసేపు.
"మెత్తగా ఉంది."
ఇంకాసేపటికి,
"ఉప్పు కొంచెం తక్కువ, రత్నం."

ప్రతి ఏడూ కౌంటరు దగ్గర ఇదే మాట.
భాయ్ తలూపేవాడు.
ఈసారి నేను ఊపాను.

ఇంటికొచ్చేసరికి
వంకర బన్ను సగం చెంగమ్మ టీలో ఉంది,
సగం నా పళ్లెంలో.
కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను:
ఉప్పు ఇంకో చిటికె.
దాని పైన పన్నెండింటికి అని రాసి,
కొట్టేసి,
పదమూడింటికి.