ఏడో మోత

ఆనందపురం దాటేక
మట్టిరోడ్డు మలుపు కాడ
ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడతాను నాను.
పాత లంగా సింపి కర్రకి కట్టినదే జెండా.
ఈల మాత్రం కంపెనీది.

ఎదర ఆగిపోయిన టిప్పర్లు,
ఎనకాల కొండ.
ఆపడం నా పని. రోజుకి మూడొందలా అరవై.
దాంతోపాటు ఇంకో పని సేసేదాన్ని,
ఎవులూ సెప్పకండానే:
లెక్కెట్టడం.

గుంటలెన్ని కొట్టినావురా అని
పొద్దున్నే గౌరీసుని అడిగేదాన్ని.
"ఏడప్పా" అనేవోడు,
డ్రిల్లు దుమ్ముకి కనుబొమ్మలు తెల్లబడి
పాతికేళ్ళకే ముసిలోడిలాగ నవ్వుతా.
ముక్కుకి మాస్కులిచ్చినారు ఓపాలి,
తనిఖీకి ఆఫీసర్లొచ్చిన రోజున.
మర్నాడు లెక్కెట్టి మరీ తీసేసుకున్నారు.

ఏడు గుంటలంటే ఏడు మోతలు.
ఒకటికి కాకులు లేచిపోతాయి.
రెండుకి కాళ్ళ కింద రోడ్డు ఉలికిపడతాది.
మూడు తరవాత
సెవులు కాదు, పళ్ళే ఇంటాయి.

ఆ మంగళారం ఆరే ఇన్నాను.

మేటు సత్తిబాబు జెండా దించమన్నాడు.
ఇంకోటుంది బాబూ అన్నాను.
"రెండు కలిసి పేలినాయి, నీకేటి తెలుసే?"
నిజిమే, నాకేటి తెలుసు,
బడి గుమ్మం తొక్కినదాన్ని కాదు.
నలుగుర్ని కన్నాను, ముగ్గుర్ని పెంచినాను.
లేనిదాన్ని లెక్కెట్టడం ఒక్కటే వొచ్చు నాకు.

కింద క్రషరు ఖాళీగా తిరుగుతన్నాది
నిద్దట్లో పళ్ళు కొరికే మొగుడిలాగ.
బీచిరోడ్డు పనికంట, పొద్దుగూకే లోపల నలబై లోడ్లు.
హారన్లు మీద హారన్లు.
దించేసినాను.

దించింది నా సెయ్యే.
ఇది ఏ కాయితంలోనూ లేదు.

సద్ది గిన్ని మూత తీసినాను.
గౌరీసు మిషను బుజానెట్టుకుని
మళ్ళీ పైకెక్కినాడు, పాత గుంట పక్కనే కొత్త గుంటకి.
ఏడోది అప్పుడొచ్చింది.
సిన్నది.
గాలికి ఎవులింట్లోనో తలుపు కొట్టుకున్నట్టు.

అంబులెన్సు ఎక్కడో ఉందన్నారు.
సగం కంకరున్న టిప్పర్లోనే ఎక్కించినాం,
మీద పరదా కప్పి.
హనుమంతవాక కాడ ఎర్రదీపం.
ఆగినాం.
కార్లాగినాయి, సిటీబస్సాగింది,
స్కూటీ మీద కాలేజీ పిల్ల ఒంటికాలి మీద ఆగింది.
ఎర్రది సూస్తే ఆగాలని
ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.
దీపం పక్కన అంకెలు దిగుతన్నాయి.
నా ఒళ్ళో తలెట్టి గౌరీసే పైకి సదివినాడు,
"నలబైరెండు... నలబైయొకటి..."
కుడిసెయ్యి నా పమిట కొంగులో ఉంది.
ఎంత ఉందో నాను ఇప్పి సూడలేదు.

కేజీహెచ్ సీటీ మీద
బండి మీంచి పడిపోనాడని రాయించినారు.
ఎవుల బండి?
ఆడికి సైకిలైనా లేదు.
యాబైయేలికి ఒప్పుకున్నట్టు కాయితం తెచ్చినాడు గుమస్తా.
టెన్తు పేసయినోడు, వొంకీలెట్టి సంతకం సేసేవోడు.
"మగోడికి ఎడమ బొటనేలే కదా ముద్ర,
అదుంది, సాలు" అన్నాడు గుమస్తా,
సిరా డబ్బీ మూత తీస్తా.

నాను మలుపు కాడే ఉన్నాను.
ఇప్పుడు డ్రిల్లు కాడ ఒడిశా కుర్రోడు.
తెలుగు రాదు,
గుంటలెన్నంటే ఏళ్ళు సూపిస్తాడు.
పొద్దున్న సూపిస్తుంటే అన్నీ సూసినాను,
గోళ్ళు కూడా.
ఇవాళ తొమ్మిది.

ఎనిమిది ఇన్నాను.
మేటు అక్కణ్ణించే కేకలేస్తన్నాడు.
ముందు టిప్పరోడు తల బయటికెట్టి
ఎంతసేపే ముసిల్దానా, కూలికి రాకపోతే మానీ అంటన్నాడు.
రేపు మానిపించేస్తారేమో.
నోట్లో ఈల ఉంది,
పలకడానికి నాకు వీల్లేదు.
గుడ్డ ఎత్తే ఉంది.
సెవి కొండ వైపుంది.