ప్లేటు లేని అట్టలు

శుక్రవారం పల్లావరం సంతలో
విమానం నెత్తిమీంచి వెళ్లేదాకా బేరం ఆగుతుంది.
ఏకాంబరం నోరు కదులుతూనే ఉంటుంది గానీ
అతను చెప్పే ధర ఎవరికీ వినబడదు.
ఆ మోతలోనే నేను తలూపేస్తాను.
మోత తగ్గాక తెలుస్తుంది, నూటయాభైకి ఒప్పుకున్నానని.

నాక్కావలసింది పాట కాదు, అట్ట.
ప్లేట్లు వేరేవాళ్లు పట్టుకుపోతారు.
కొందరు వింటారట. కొందరు వాటికి ముళ్లు బిగించి
కాఫీ హోటళ్ల గోడలకు గడియారాలుగా కొడతారు.
మిగిలిన తొడుగులు నావి.
మా ఇంట్లో గ్రామఫోను లేదు, ఎన్నడూ లేదు.

ఎన్నని చెప్పను!
నల్ల కళ్లద్దాలతో వీణ వాయించే పెద్దాయన.
మోకాలి లోతు సముద్రంలో
సూటు పైకెత్తి పట్టుకుని నవ్వే జంట గాయకులు,
వెనక అల మీద తేలిపోతున్న ఒక బూటు
(ఎవరూ చూసుకోలేదు, అలాగే అచ్చేశారు).
పాము కరిస్తే ఏం చెయ్యాలో రెండువైపులా ఉపన్యాసం;
అట్టమీద పాము మాత్రం భలే ముద్దుగా ఉంటుంది.
తెల్లగుర్రం వీపున హార్మోనియం,
పక్కన చేతులు కట్టుకున్న గాయకుడు.
ఎవరు ఎవర్ని పాడమన్నారో తెలీని మొహాలు ఇద్దరివీ.

వీటన్నిటికీ దూరంగా, మంచానికి ఎదురు గోడమీద,
ఊదారంగు చీరలో ఒకామె.
అచ్చు వేసేటప్పుడు ఎరుపు వెంట్రుకవాసి జరిగి
ముక్కుకి రెండు అంచులు పడ్డాయి.
ఇరవై రెండేళ్లుగా
ఆమె గొంతు నేనే ఊహించుకుంటూ వచ్చాను:
కొంచెం జీర,
కుండ మూత తీసినప్పుడు చేతికి తగిలే చల్లదనం.

ఆ వారం ఏకాంబరం పట్టా ముందు
చేతిసంచీతో ఒక ముసలామె. పేరు శేషారత్నం, ఉండేది సైదాపేట.
రెండువేల పదిహేను వరదలో అడయారు ఇంట్లోకొచ్చి
అట్టలన్నీ గంజైపోయాయిట.
ప్లేట్లు కడిగి గోడవారన ఆరబెట్టుకుందిట.
"లేబుళ్లూ ఊడిపోయాయి బాబూ,
అన్నీ ఒకటే నలుపు, కాకిపిల్లల్లా.
నాకు ప్లేటొద్దు. ఒక్క అట్ట చూడాలి.
ఊదా చీర. ముక్కు కాస్త చెదిరినట్టుంటుంది."

నేను నోరు విప్పలేదు.
నడుచుకుంటూ స్టేషనుకెళ్లి రైలెక్కాను.
మీనంబాక్కంలో దిగాను. ఎదురు బండెక్కాను.
వచ్చేసరికి ఆమె లేదు.

మళ్లీ శుక్రవారం
పాత పంచెలో చుట్టి తీసుకెళ్లాను.
ఆమె ముందువైపు చూడనే లేదు. తిప్పేసింది.
"ఆ పిల్ల పాడలేదు బాబూ, ఫొటోకి కూచుంది, అంతే."
అప్పుడొక విమానం. ఇద్దరం ఆగాం.
మోత పోయాక కళ్లజోడు కొంగుతో తుడిచి
వెనకవైపు అడుగున, చీమ తలకాయలంత అక్షరాల్లోకి దిగింది.
పాడినావిడ పేరు. వయొలిన్. తబలా.
మరియు బృందం.

'బృందం' కింద గోరు ఆనించింది.
"ఇది నేను" అంది.

కాసేపాగి,
"ఐదుగురం. ఎడమ చివర నేను.
మైకుకి దూరంగా నిలబెట్టేవారు,
నా గొంతు పైకొచ్చేస్తోందని."

ఉంచుకోండన్నాను. నిజంగానే అన్నాను.
"మా ఇంట్లో తేమ.
నీ దగ్గరైతే పొడిగా ఉంటుంది" అని తిరిగిచ్చేసి
పక్క పట్టాలో ఇడ్లీ రేకులు బేరమాడ్డానికెళ్లింది.

ఆ రాత్రి అట్టలన్నీ దించి
మొదటిసారి వెనకవైపులు చదివాను.
వీణకి: బృందం. సముద్రానికి: బృందం.
పాము ఉపన్యాసం చివర కూడా ఒక శ్లోకం,
అది చదివింది బృందం.
గుర్రం అట్ట ఒక్కటే వేరు.
అందులో గుర్రానికి పేరుంది,
లావు అక్షరాల్లో,
యజమాని ఊరితో సహా.