నిమ్మళంగా

ఒరలోంచి తీసేది నాలుగు దినాల్లో నేర్పినారు,
తిరిగి పెట్టేదానికి నెలన్నర పట్టింది.
కర్నూలు కవాతు మైదానంలో ఖాజా హుసేన్ సారు
నెత్తిన తడి తువ్వాలేసుకొని రోజూ అదే మాట:
"తీసేటప్పుడు తొందరుంటాది, ఉండనీ.
పెట్టేటప్పుడు నిన్నెవడు తరుముతాండాడ్రా?
నిమ్మళంగా. కంటితో చూసి పెట్టు.
వేలు బయట, చాపి,
గోడన బల్లి మాదిరి."

పదకొండేండ్లాయె.
ఆదోనిలో ఒక పెద్దమనిషి వెనక
రెండడుగులు ఎడంగా నడుస్తాండా.
ఆయన పెండ్లిళ్ళకు పోతాడు, దినాలకు పోతాడు,
పత్తి యార్డులో ధర పడినప్పుడు పోతాడు.
నా కుడి తుంటి మీద కిలోకు రవ్వంత తక్కువ ఇనుము.
అన్నం తప్ప అన్నీ ఎడం చేత్తోనే:
టీ గ్లాసు, ఫోను, ఆయన మనవరాలి బెలూను.

ఎవురూ అడగరు గానీ
అసలు తిప్పలు బస్టాండు మరుగుదొడ్లో.
మేకుకు తగిలించగూడదు, తొట్టి గట్టున పెట్టగూడదు,
ప్యాంటు జారినా ఒర జారగూడదు.
గుంతకల్లులో మావోడొకడు మరిచొచ్చినాడు.
ఊడ్చే ఆమె చీపురు ఆడనే పారేసి
తలుపుకు అడ్డం నిలబడింది,
అరగంట, ఎవురినీ పోనీకుండా.
ముట్టుకోలేదు.
సారు నేర్పింది ఆమెకెవురు నేర్పినారో.
వానికి సస్పెన్షను.
ఆమెకు ఒక టీ గూడా ఇప్పించలేదు మేము.

నాకూ ఒక దినముంది.
ఎమ్మిగనూరు లాడ్జిలో తుడిచి, నింపి, ఒరలో పెడతాంటే
కిందినుంచి హారను, "బిన్నె రా సుంకన్నా!"
ఇనుము దిగతా దిగతా
మెత్తగా ఆగింది,
దూది మీద కాలేసినట్టు.
నొక్కితే దిగిపోయేదే.
సారు గొంతు చెవిలో కాదు, మణికట్టులో పలికింది.
పైకి తీసి చూస్తే
ట్రిగ్గరు కొక్కెంలో కొత్త చొక్కా అంచు,
ఉరుకుందమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మడత.
హారను మళ్ళా మోగింది. మోగనీ.
ఆ పొద్దు నుంచి చొక్కా కొనేటప్పుడు
రంగు చూడను, పొడుగు చూస్తా.

రాత్రి ఇంట్లో, మూతి మట్టిగోడ దిక్కు తిప్పి
మ్యాగజైను తీస్తా, స్లైడు లాగి గది ఖాళీ చూస్తా,
లైటు ఆర్పి చిటికెన వేలు పెట్టి మళ్ళా చూస్తా.
"ఒకతూరి చూసినావు గదా" అంటాది.
కన్ను చూసింది, ఇప్పుడు వేలు చూస్తాందంటా.
పిస్తోలు బీరువాలో, తూటాలు ఇంకో పెట్టెలో,
తాళాలు రెండూ నా మొలతాడుకు.

నిద్రలో గూడా నా చూపుడు వేలు
చాపే ఉంటాదంట.
"ఎవురికి దావ చూపిస్తాండావు?" అని
నిన్న పొద్దున నవ్వతా అడిగింది.