మత్తడి గీత

పదకొండు అంతస్తులు గీసిన.
అద్దాలు గీసిన, అద్దాలల్ల ఆకాశం గీసిన.
మెట్లమీద ల్యాప్‌టాప్ సంచితో దిగే పిల్లను
కంప్యూటర్ల దొరికే బొమ్మలనుంచి తెచ్చి నిలబెట్టిన.
ఆమెది హన్మకొండ మొఖం కాదు,
చెప్పులు మాత్రం మన చౌరస్తాల కొన్నట్టే ఉన్నయి.

"ముందట నీళ్లు కొట్టొచ్చినట్టు కనబడాలె" అన్నడు సారు.
"కంపెనీవాళ్లు వాటర్‌ఫ్రంట్ అంటున్నరు గదా."
పొన్నకుంట చెరువును
ఇదివరకు ఎవరూ అట్ల పిలువలేదు.
గుర్రపుడెక్క తీసేసిన, ఒక్క క్లిక్కు.
ఏడేండ్లసంది కార్పొరేషన్ తీస్తనే ఉన్నది దాన్ని.
బర్రెలను తీసేసిన. చాకిరేవు బండలు తీసేసిన.
మోరీ వచ్చి కలిసే మూలమీద
ఒక పడవ పెట్టిన, తెల్లది.

కొలతలకు పోయిననాడు
టేపు రెండో కొస పట్టింది బుచ్చిమల్లు.
తాత నీరటి, నాయిన నీరటి,
ఈయన కాలానికి తూముకింద పొలమే లేదు.
కాలనీలున్నయి. ఫేజ్ వన్, ఫేజ్ టూ.
అయినా ముసురుపట్టిన రాత్రి లేచి
కట్టమీదికి పోతడట.
ఎందుకు అంటే
"కాళ్లు ఊకుంటయా" అన్నడు.

హద్దురాయి వెతికినం.
దొరికింది, ఉండాల్సిన చోట కాదు.
ఎవరో మంచిగ పీకి, మంచిగ పాతి,
సున్నం గూడ వేసిన్రు.
బుచ్చిమల్లు దానిదిక్కు చూడనేలేదు.
సర్కారు తుమ్మల సందుల నుంచి దూరి
ఒక గుండుకు ఒరిగి, నాచు గీకి,
బొటనవేలంత గాటు తడిమి
"నీళ్లు ఈడిదాంక" అన్నడు.

ఆ గాటునుంచి టేపు పరిస్తే
రిసెప్షన్ బల్ల నడుమలకెల్లి పోయింది,
లిఫ్టు గుంతలకెల్లి, జనరేటర్ రూములకెల్లి పోయింది,
గోడ దాటి ఫేజ్ టూ మూడో గల్లీల,
పోయినేడు రబ్బరు పడవ వచ్చి
నెలలు నిండిన మనిషిని ఎక్కించుకున్న అరుగు కాడ
ఆగింది.
టేపు అయిపోయింది. నీళ్లు ఇంకా ఉండె.

గీసిన. చుక్కల గీత, నీలి రంగు.
దానికొక లేయరు, లేయరుకు పేరు: మత్తడి.
సారు అద్దాలు ముక్కుమీదికి జరిపి చూసిండు.
తిట్టలేదు. తిడితే బాగుండు.
"డిలీట్ చెయ్యకు. ఆఫ్ చెయ్యి" అన్నడు.

ఫంక్షన్ హాల్ల మీటింగు.
మజ్జిగ ప్యాకెట్లు, మూడువేల కొలువులు.
అట్టముక్కలు పట్టుకొని కాలేజీ పిల్లలు వెనుకల నిలబడ్డరు.
చేపల సొసైటీ రాజేశం లేచి
"ఈసారి చేపపిల్లలు పోస్తరా, పొయ్యరా?" అంటే
అది ఈనాటి ముచ్చట కాదన్నరు.
ఆయన చెయ్యి కొంచెంసేపు గాలిల్నే ఉన్నది.

నేను చప్పట్లు కొట్టిన. అబద్ధమెందుకు.
మా రవళిక బీటెక్ మూడో యేడు.
బువ్వ తినుకుంట ఫోన్ల ఆ బొమ్మ తెరిచి
ఏ అంతస్తుల కూసుంటదో
వేలుపెట్టి చూపిస్తది.
ఒకనాడు ఆరు, ఒకనాడు తొమ్మిది.
కింది అంతస్తు ఎన్నడూ చూపియ్యలేదు.
నేను దానికి ఏమీ చెప్పలేదు.

మొన్న ఆఫీసు మెట్లకాడ కలిసిండు బుచ్చిమల్లు.
గీత ఏమైందని అడుగుతడనుకున్న,
జవాబు గూడ తయారు చేసుకున్న.
ఆయన అంగీ జేబులకెల్లి
నాలుగు మడతల కాయితం తీసిండు,
మనుమని ఆధార్ జిరాక్స్.
"నైటు వాచ్‌మెన్ కావాలె గదా ఆళ్లకు?
మా పోరనికి నిద్ర తక్కువ.
వాన ఎత్తుకుంటే
ముందుగాల ఎవల్ని లేపాల్నో ఎరుకే."

కాయితం నా సొరుగుల ఉన్నది.
ఫైలు మంజూరుకు పోయింది.
పదకొండు అంతస్తులు, ఒక తెల్ల పడవ,
చెప్పులేసుకున్న పిల్ల,
పక్క పట్టీల ఆరిపోయిన బల్బు గుర్తు,
దాని ముందట
చిన్న అక్షరాలల్ల
ఒక పేరు.