పురి

మరిడమ్మత్త కథ చెబుతూ వెనక్కి నడిచేది.
కథ చెప్పేవాళ్ళెవరైనా కూర్చుంటారు,
కాళ్ళు బారజాపుకుని, వక్కాకు నములుతూ.
ఆమెకంత తీరికేదీ?
నడుముకు పీచు ఒడి కట్టుకుని
వేళ్ళతో పోగు వదులుతూ
రాట్నం నుంచి అడుగడుగే వెనక్కి
వైనతేయ గట్టు దాకా.

రాట్నం తిప్పేది నేను. ఎనిమిదేళ్ళు.
"అనగనగా" అన్నప్పుడు మూరెడు దూరంలో ఉండేది,
రాకాసి గుమ్మంలోకొచ్చేసరికి ముప్ఫై బారల అవతల.
అందుకే ఇప్పటికీ నా కళ్ళకు
రాజులు పెద్దగా, దగ్గరగా,
రాకాసులు చిన్నగా, గాలికి సగం చెదిరి.

రైసుమిల్లు పదేళ్ళు నమిలిన చెవులు ఆమెవి.
నా ఊ వినపడేది కాదు.
అయినా ఊ లేని కథ చెప్పకూడదనేది,
చెబితే అది వెళ్ళే చోటు లేక
చెప్పినవాళ్ళ ఇంట్లోనే రాత్రంతా తచ్చాడుతుందట.
కాబట్టి నా ఊ తాడులోంచి వెళ్ళాలి.
తిప్పుడు సమంగా ఉంటే, వింటున్నాను.
జోరెక్కితే, తర్వాతేమైందో చెప్పమని.
పురి సడలితే గట్టు మీంచే కేక:
"ఒరే, రాజుగారికి పట్టని నిద్ర నీకు పట్టిందేంట్రా?"

అవును, ఆ రాజుది అదే కష్టం.
ఆయన నిద్రపోలేదు, ఆయన నిద్రే పోయింది.
ఏడు పాయలు దాటి ఓ రాకాసి
దాన్ని కొబ్బరికాయ మూడో కంట్లో దాచింది.
వెతకడానికి బయల్దేరింది సేనాపతి కాదు,
దింపుకాయలవాడి కూతురు,
నాన్న మోకు భుజాన వేసుకుని.
రాకాసి మాత్రం అచ్చం మా వైపు మనిషే:
"ఆయ్, దయచెయ్యండి, కాళ్ళు కడుక్కోండి.
తమరు భోంచేశాక
తమర్ని భోంచేస్తానండి."

ఆ పిల్ల ఎన్ని కాయలు ఊపి చూసిందో
ఒక్కోరోజు ఒక్కో లెక్క.
బావి చేంతాడైతే
రెండో చెట్టు మీదే దొరికేది నిద్ర.
అంతర్వేది పడవలకు మోకులు కావాలంటే మాత్రం
నడిసముద్రంలో కొబ్బరిచెట్లు మొలిచేవి,
దారిలో ఓ పులస అడ్డొచ్చి
ఎదురీత మీద సలహాలిచ్చేది.

వరద రోజుల్లో కథ లేదు.
పీచు తడిసింది, మాట పురెక్కదనేది.

కథ కంచికి, మనం ఇంటికి అంటారందరూ.
మా అత్త ఒప్పుకునేది కాదు:
"కంచి ఎవుడు చూశాడ్రా?
మన కథ అంబాజీపేట పోద్ది, బేరం కుదిరితే."
నిజంగానే పోయేది, చుట్టలు చుట్టి, రిక్షా మీద.
ఎవరి గేదె మెడకో రాకాసి మర్యాద,
ఎవరి ఉయ్యాలకో రాజుగారి నిద్ర.
కట్టుకున్నవాళ్ళకు తెలిసేది కాదు.
తెలియకపోయినా బిగువుగానే ఉండేది.

ఇప్పుడు షెడ్డులో మోటారు తిప్పుతుంది.
తొమ్మిది రాట్నాలు, ఒక్క బెల్టు. నేను లెక్కలు రాస్తాను.
మోటారు తడబడదు, జోరెక్కదు, కునుకు తీయదు.
అంత బుద్ధిమంతుడు ఊ కొట్టలేడు.

మొన్న సాయంత్రం కరెంటు పోయింది.
కాలవలో బాతులు ఏం మాట్లాడుకుంటున్నాయో
తెలిసేంత నిశ్శబ్దం.
పీచు ఒడులతో ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే.
ధనకుమారి కొడుకు, బడి సంచీ ఇంకా దించనివాడు,
"భయమేత్తంది" అన్నాడు.
సగం పేనిన తాడు కొస వాడి చేతిలో పెట్టాను.
"అనగనగా ఓ రాజు. ఆయన నిద్ర పోయింది."
"నిద్రపోయాడా?"
"కాదురా. పోయింది."

వీపుకు షెడ్డు గోడ తగిలాక గానీ తెలియలేదు
నేను వెనక్కి నడుస్తున్నానని.
రాకాసి ఇంకా తలుపే తీయలేదు.
గేటు దాటి కాలవ గట్టెక్కాను.
చీకట్లో ఎవరూ కనపడరు, నా గొంతు వాళ్ళకు చేరుతోందో లేదో.
"ఆయ్, దయచెయ్యండి" అన్నాను గాలిలోకి.

చేతిలో తాడు వణికింది.
అవతలి కొసన పిల్లాడొక్కడే కాదు,
బరువు చూస్తే
నలుగురైదుగురు పట్టుకున్నట్టున్నారు.
ఊ.