చెల్లని ప్యాకేజీ

ఉయికే సార్ పాత తువ్వాలలో చుట్టి తెచ్చిండు.
పామేమో అనుకున్న.
విప్పితే మెలికలు పడ్డ నల్ల తీగ,
దాని చివర గుండీల రిమోట్ లాంటిది.
"బడి దుర్భిణిది. ఇది లేకుంటే అది కదలదు," అన్నడు.

సిరొంచ బస్ స్టాండు వెనక నా దుకాణం.
నాలుగడుగుల బల్ల, ఒక సోల్డర్ గన్ను,
అద్దాలు పగిలిన ఫోన్లు ఒక గంపెడు.
ఆకాశం రిపేరుకు రావడం ఇదే మొదలు.

కరెంటు ఇస్తే రెండు వరుసల ఎర్ర అక్షరాలు:
బూట్ లోడర్. ఇన్‌వాలిడ్ ప్యాకేజ్.
సార్ మరాఠీలో "అవైధ్" అన్నడు.
నేను "చెల్లదు" అన్న.
వెంట వచ్చిన జైవంతి, తొమ్మిదో తరగతి,
"చిరిగిన నోటు లెక్కనా?" అనడిగింది.
అంతే బిడ్డా.
లోపల రాత మారుతుంటే నడుమ కరెంటు తెగింది.
సగం పాత, సగం కొత్త.
తన పేరే తనకు యాదికి లేదు.

జైవంతి తన చెప్పులకేసి చూసుకున్నది.

తొమ్మిది కాళ్ల పాత పిన్ను అది.
నా ల్యాప్‌టాప్‌కు అసొంటి నోరే లేదు.
చంద్రపూర్ బస్సు డ్రైవర్‌కు చీటి ఇచ్చి తెప్పించిన.

ఫైలు పదకొండు ఎంబీ.
ఊళ్లో సగం దిగుడు, ఆగుడు.
రాత్రి పన్నెండుకు ప్రాణహిత ఒడ్డుకు పోయిన.
అవతలి గడ్డ టవర్ రెండు గీతలు ఇచ్చింది.
ఇసుకలో గొంతుకూర్చుంటే
వల భుజాన వేసుకుని గట్టయ్య వచ్చి
"ఏం పట్టినవే?" అన్నడు.
"పదకొండు ఎంబీ."
"పెద్దదేనా?"

మూడో రోజు, బడి డాబా మీద.
గోడ కరెంటును ఈసారి నమ్మలే,
ట్రాక్టర్ బ్యాటరీని మెట్లెక్కించిన.
రెండు గుండీలు ఒక్కసారి నొక్కి పట్టి తీగ పెట్టాలె.
నొక్కుడు జైవంతి పని.
ముప్పై శాతం. అరవై.
డెబ్బై మూడు దగ్గర నిలబడ్డది.
కింద ఊరంతా లైట్లు పోయినయి.
ఎవ్వరం మాట్లాడలే.
డెబ్బై నాలుగు.

వంద పడ్డంక అప్పుడే పుట్టినట్టు
ప్రశ్నలు మొదలువెట్టింది: ఎక్కడున్న? ఇప్పుడెంతైంది?
ఊర్ల జాబితాలో నాగపూర్ ఉంది, హైదరాబాద్ ఉంది.
సిరొంచ లేదు.
రెండిటికీ దూరమైన ఊరిని పేరుతో పిలవరు,
అంకెలు చెప్పుకోవాలె:
పద్దెనిమిది డిగ్రీల యాభై ఒకటి,
డెబ్బై తొమ్మిది యాభై ఎనిమిది.

స్వాతిని చూపమన్నం.
స్వాతి అంటే మా అమ్మకు వాన కార్తె.
నాకూ ఈ రాత్రి దాకా వానే.
మోటారు కీచుమన్నది. గొట్టం తిరిగి తిరిగి, వంగి వంగి,
నది అవతలి టవర్ ఎర్రదీపం మీద ఆగింది.
సార్ తల పట్టుకున్నడు.
జైవంతి తేదీ చూసింది.
"ఇది నెలను ముందు అడుగుతది సార్.
మనం ఏప్రిల్ తొమ్మిది అని రాస్తే
సెప్టెంబర్ నాలుగు అని చదువుకున్నది."
పాపం, దాని తప్పు లేదు.
ఐదు నెలల అవతలి ఆకాశంలో వెతుకుతున్నది.

మళ్లీ రాసినం. మళ్లీ కీచుమన్నది.
తూర్పుకు లేచి, చుక్కకు జానెడు పక్కన నిలిచింది.
ఆ పిల్లే బాణం గుండీతో మెల్లగా
నడుమకు తోలుకొచ్చి
చాలాసేపు కన్ను తియ్యలే.
అట్లనే చూసుకుంట అన్నది:
"ఆ రోజు ప్లగ్గు పీకింది నేనే.
ఉక్కగా ఉండె. ఫ్యాన్ పెట్టిన."
సార్ ఏమీ అనలే.
కొంచెం ఆగి, "జరుగు, నేను చూస్త," అన్నడు.

కిందికి దిగినంక ఫోను వెలుతురులో బిల్లు రాసిన:
తీగ రెండు వందల నలభై,
రిపేరు నూట యాభై,
నది ఒడ్డు ఖర్చు ఎట్ల రాయాల్నో తెల్వక వదిలేసిన.
సార్ ఇచ్చిన నోట్లలో ఒకటి
నడుమ చిరిగి టేపు అంటించి ఉంది.
చూసి జేబులో పెట్టుకున్న.
బిల్లు మీద అడ్డంగా గీత గీసి
చెల్లు అని రాసిన.