ముందు తీగ

రేణిగుంట రోడ్డులో టైర్ల కొట్టు వెనక
ఏకాంబరం లేతు షెడ్డులో
తెరచాప కొయ్యని పడుకోబెట్టి మూడు రోజులైంది.
ఇక్కణ్ణుంచి నీళ్ళు ఎనభై కిలోమీటర్లు.
టీ తెచ్చిన పిల్లోడు అడిగాడు:
"ఏంది సామీ, జెండా కొయ్యా?"
అవునన్నాను.
కాదని చెప్పాలంటే గాలి దగ్గర మొదలుపెట్టాలి.

పాత తీగని వేలితో తడుముకుంటూ పోయాను.
పొడుగునా నున్నగా, వెండిలా ఉంది.
కింద, బిగింపు గొట్టంలోకి దూరే చోట మాత్రం
పంతొమ్మిది పోగుల్లో రెండు తెగి
పిల్లి మీసాల్లా బయటికొచ్చాయి.
వేలికి రక్తం.
ఏకాంబరం బనీను అంచు చింపి ఇచ్చాడు.
"ఏడు సంవత్సరాలు మనల్ని నిలబెట్టింది గదా, పోనీలే."

పోయిన ఆడికృత్తిక మరునాడు
తడ దగ్గర, పులికాట్‌లో,
పడమట నుంచి గాలి చెప్పకుండా వచ్చింది.
ముందు తెరచాప దించాలి.
దించాలంటే ఒక మనిషి పడవ ముక్కు దాకా పాకాలి.
నా చేతిలో చుక్కాని. కాబట్టి ఆ మనిషి
ఎప్పుడూ ఏకాంబరమే.
పాకాడు.
గుడ్డ సగం నీళ్ళల్లో పడి బరువెక్కింది.
దాన్ని ఛాతీతో అదిమిపెట్టి
నా వైపు తిరిగి ఏదో అరిచాడు.
వినపళ్ళేదు.
ఇంతవరకూ అడగలేదు.
అతని కుడి మోకాలు ఆ రోజు నుంచీ
వాన కంటే ముందు లేస్తుంది.

అందుకే ఈ గేరు. వెనక కూర్చునే
తాడు లాగితే తెరచాప దానంతటదే చుట్టుకునేది.
చెన్నైలో ధర విని
బస్సు ఛార్జీలు జేబులో ఉన్నాయో లేదో చూసుకుని
బయటికొచ్చాం.
"మనమే చేస్తాం పా, కేషియరు సామీ."

బోర్లు వేసేవాళ్ళు పారేసిన కప్పీ ఒకటి
పుత్తూరు పాతసామాన్ల కొట్లో, కిలో లెక్కన.
లేతుకి కట్టి తిప్పితే
తుప్పు పోయి లోపలి మనిషి కనపడ్డాడు.
తీగ మీద తొడగడానికి అల్యూమినియం గొట్టాలకి
కర్టెన్ల షాపుకి పోతే
"ఎన్ని కిటికీలు?" అన్నాడు షాపాయన.
"ఒకటే," అన్నాడు ఏకాంబరం,
"గోడ మాత్రం లేదు."

సీల నుంచి సీలకి కొలిచాం.
ఇరవై అడుగుల నాలుగంగుళాలు.
మళ్ళీ కొలిస్తే నాలుగున్నర.
అర అంగుళం తగ్గితే కొయ్య ముందుకి తూగుతుంది,
పెరిగితే వెనక్కి వాలి బద్ధకిస్తుంది.
మూడోసారి ఇద్దరం ఊపిరి బిగబట్టి కొలిచాం.
గొట్టం తిరగాలి. లోపల తీగ తిరక్కూడదు.
ఈ ఒక్క మాట కోసం
రెండు బేరింగులు, మూడు రాత్రులు, ఒక తగాదా.

షామియానా గుడ్డ కట్టి షెడ్డులోనే చూశాం.
తాడు లాగాను.
ఎర్ర గళ్ళు, పసుపు గళ్ళు ఒకదాన్నొకటి మింగుతూ
గొట్టానికి చుట్టుకుపోయాయి.
టీ పిల్లోడు ఈలేశాడు.
ఏకాంబరం వెయ్యలేదు.
చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటా
చాలాసేపు కడుక్కున్నాడు.

తడలో కొయ్య నిలబెట్టిన రోజు
దూరంగా బురదలో పక్షులు గులాబీ గీతలా నిలబడున్నాయి.
గాలి మంచిదే.
తాడు ఇప్పుడు నా మోకాలి పక్కన.
ముందుకి ఎవరూ పోనక్కరలేదు.
ఆ మాట నేననలేదు, అతనూ అనలేదు.
ఒడ్డు దాటగానే లేచాడు,
కుడి కాలు ఈడ్చుకుంటూ
అలవాటైన చోటికే పోయి కూర్చున్నాడు.
పట్టుకోడానికి ఏమీ లేక చేతులు
కాసేపు లుంగీ మీద, కాసేపు గాల్లో.

తర్వాత కొత్త తీగ గొట్టాన్ని
గోటితో ఒకసారి మీటాడు.
చెవి పెట్టాడు.
జేబులోంచి స్పానరు తీసి
"రవ్వంత లూజుండాది," అన్నాడు, నా వైపు చూడకుండా.
ఇంకో పావు చుట్టు తిప్పాడు.
అంత అవసరం లేదని నాకు తెలుసు.
"ఇంకొంచెం," అన్నాను.